పాత పికప్: ఏది కొనాలి, ఎంత విప్పాలి, దేన్ని ముట్టుకోకూడదు

బాగుచేసుకుని నడుపుకుందామని పాత పికప్ చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక చిన్న అయస్కాంతం, టార్చిలైటు, మెత్తటి పెన్సిలు, రెండు తెల్లకాగితాలు ఉండాలి. లప్పం ఎక్కడ మందంగా ఉందో అయస్కాంతం చెబుతుంది. చాసిస్ లోపలి తుప్పు టార్చి వెలుగులో బయటపడుతుంది. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే వచ్చే అచ్చు సీ బుక్కులోని నంబరుతో అక్షరం అక్షరం కలవాలి. రేకు పోయినా, చాసిస్‌కి తుప్పు పట్టినా డబ్బుతో దిద్దుకోవచ్చు. నంబరులో తేడా వస్తే మాత్రం బండి ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేసి రావడమే.

అందుకే ఇక్కడ పోలిక కాగితాల నుంచి మొదలవుతుంది. తర్వాత బండి, ఆ తర్వాత ఎంత విప్పాలన్నది, చివరికి ఇంజిన్, రంగు. చాలామంది రంగు దగ్గర మొదలుపెట్టి కాగితాల దగ్గర ఇరుక్కుంటారు.

గూడ్సా, సొంత వాడకమా?

పికప్‌లలో ఎక్కువ భాగం గూడ్స్ వాహనంగానే, పసుపు ప్లేటుతో రిజిస్టరై ఉంటాయి. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్టు వాహనానికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. బరువుతో కలిపి మొత్తం 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. కానీ ఎఫ్‌సీ, పన్ను, ఇన్సూరెన్సు తప్పవు. రెండేళ్లు షెడ్డులో విప్పి పెట్టిన బండికి ఎఫ్‌సీ పోతుంది, పన్ను బకాయి పెరుగుతుంది. అందుకని విప్పే ముందే బండి వాడకంలో లేదని ఆర్టీఓకి రాసిచ్చే వీలుందేమో అడిగి తెలుసుకోండి.

సొంత వాడకం కింద రిజిస్టరైన బండికి మొదటి 15 ఏళ్లు గడిచాక ఫారం 25తో రెన్యువల్. అక్కణ్నుంచి ఐదేళ్లకోసారి. ఆదివారం ఆదివారం నడుపుకునేవారికి ఇదే తేలిక. ఒకేలాంటి రెండు బండ్లు ఒకే ధరకి దొరికితే తెల్లప్లేటుదే తీసుకోండి. దానికి తుప్పు కాస్త ఎక్కువున్నా సరే.

"50 ఏళ్లు దాటితే వింటేజ్ నంబరు వస్తుందిగా" అన్న ధీమా ఒకటి తిరుగుతుంటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు ద్విచక్రవాహనాలకీ, ఎం1 కోవలోని నాలుగు చక్రాల బండ్లకీ వర్తిస్తాయి. ఎం1 అంటే మనుషుల్ని ఎక్కించుకునే కారు, జీపు కోవ. సరుకు మోసే పికప్ ఎన్1. కాబట్టి గూడ్స్‌గా రిజిస్టరైన పికప్‌కి 50 ఏళ్లు నిండినా ఆ దారి లేదు. సొంత వాడకపు జీపుకైతే ఉంది: మొదటి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, రెన్యువల్‌కి 5,000. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. రోజూ తిప్పడానికి మాత్రం కుదరదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే రోడ్డెక్కాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదన్నది ఇంకో షరతు. ఇవాళ సరదాకి చేసే ఇంజిన్ మార్పు ఇంకో పదేళ్లకి ఈ తలుపు మూసేస్తుంది.

1989 జూలైకి ముందు బండ్లకి మూడు అక్షరాలు, నాలుగు అంకెల పాత నంబర్లు. వాటి సీ బుక్కు చేతిరాత బుక్కే. ఆ వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కాయో లేదో కొనకముందే చూసుకోండి. ఎక్కకపోతే పాత యజమాని ఉండగానే ఆ పని పూర్తి చేయించుకోవాలి, ఆయన దొరకని రోజున ఏ ఫారమూ కదలదు. పేరు మార్పిడికి ఫారం 29, 30. వేరే రాష్ట్రపు బండికి అదనంగా ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం). ఎప్పుడో తీరిపోయిన ఫైనాన్స్ కూడా బుక్కులో అలాగే కనిపిస్తుంటే ఫారం 35. "కాగితాలు తర్వాత చేయించుకోవచ్చు సార్" అన్న మాట వినిపిస్తే ఆ బండికి విడిభాగాల ధరే కట్టాలి.

హర్యానాలోని డబ్వాలీ నుంచి వచ్చే ఓపెన్ జీపుల సంగతి వేరే. వాటిలో మిలిటరీ వేలం సామాను, కొత్తగా చేసిన బాడీ కలిపి కట్టినవి చాలా ఉంటాయి. చూపుకి బాగానే ఉంటాయి, నడుస్తాయి కూడా. కానీ అవి పునరుద్ధరణకి పనికొచ్చే పాత బండ్లు కావు. వాటిలో పునరుద్ధరించడానికి 'పాతది' ఏదీ ఉండదు.

ఏ బండి?

ఇంజిన్ పేర్లు చదవడం వస్తే సగం గందరగోళం తీరుతుంది. టాటా 483 అంటే నాలుగు సిలిండర్లు, 83 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు). స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90, మొత్తం 1,948 సీసీ. టాటా 497 అంటే అవే నాలుగు, బోరు 97, స్ట్రోకు 100, మొత్తం 2,956 సీసీ. మహీంద్రాలో వచ్చిన ప్యూజో ఎక్స్‌డీపీ 4.90లో బోరు 90, స్ట్రోకు 83, మొత్తం 2,112 సీసీ. అంటే టాటా 483 కొలతలు తిరగేసినట్టే. మహీంద్రా ఎండీఐ మాత్రం అంగుళాల ఇంజిన్: మూడున్నర అంగుళాల బోరు, నాలుగంగుళాల స్ట్రోకు, 2,523 సీసీ. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ట్రాక్టరు వంశం. స్పానర్లు కొనేటప్పుడు ఈ తేడా గుర్తొస్తుంది. మిల్లీమీటరు సెట్టుతో అంగుళాల బోల్టు విప్పితే మూలలు అరిగి గుండ్రంగా తయారవుతాయి.

టాటా మొబైల్ 206 వచ్చింది 1988లో. కారులా నడిచే పికప్ ఇక్కడివాళ్లకి అదే మొదటి రుచి. దాని పునాది మీదే తర్వాత సియెరా, ఎస్టేట్ వచ్చాయి. మొదటి సుమోలోనూ ఇదే 483 ఇంజిన్. అందువల్ల ఇంజిన్ సామాను ఇప్పటికీ ఆటోనగర్‌లలో వెతికితే దొరుకుతుంది. దొరకనివి క్యాబిన్ సామాను: డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్, మీటర్లు, గ్రిల్, లైట్ల గ్లాసులు, డోరు రబ్బర్లు, తొట్టి వెనక తలుపు గడియలు. ఈ బండి కొనేటప్పుడు ఇంజిన్ ఎలా ఉందని కాదు, ఎన్ని భాగాలు లేవని లెక్కపెట్టాలి. ఇంజిన్ బిగుసుకుపోయినా అన్ని భాగాలూ ఉన్న బండి, నడుస్తూ సగం ట్రిమ్ పోయిన బండి కన్నా చివరికి చవకపడుతుంది.

మహీంద్రా జీపు కుటుంబపు పికప్‌లలో రేకులన్నీ దాదాపు చదునైనవి. వంపులు తక్కువ, నాలుగు వైపులా కమాన్ కట్టలు, చాసిస్ విడిగా. మామూలు టింకరింగ్ షెడ్డులో కూడా పని జరుగుతుంది. ఎక్స్‌డీపీ ఇంజిన్ మృదువుగా తిరుగుతుంది, వేడి విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఎండీఐ గట్టిది, నెమ్మదైనది, వణుకు ఎక్కువ. పొలం పనికి బంగారం, హైవే మీద చెవులకి శిక్ష. పాత పెట్రోలు ఇంజిన్ హరికేన్ 2,199 సీసీ. దానిలో లోపలికి పీల్చే వాల్వులు హెడ్డులో, పొగ వదిలేవి బ్లాకులో ఉంటాయి. దాన్ని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుతో పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం మెత్తబడి కారతాయి. ఫ్లోరోరబ్బరు గొట్టాలు వేసుకోవడం తప్పనిసరి.

టాటా 207 డీఐ పికప్ మీద ఈ అభిరుచి లోకంలో కొంత చిన్నచూపు ఉంది. "అదేం పాత బండి" అంటారు. మొదటిసారి చేతులు పెట్టేవారికి నిజానికి అదే మంచి బడి. సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, పాడుచేసినా నష్టం తక్కువ. కాస్త అనుభవం ఉంటే జీపు కుటుంబం. పూర్తిగా ఉన్న టాటా మొబైల్ కంటపడితే అప్పుడు ఆలోచించడం మానేసి కొనేయండి.

ఎంత విప్పాలి?

దారులు మూడు. ఉన్నది ఉన్నట్టు కాపాడటం ఒకటి: కడగడం, తుప్పు ఆపడం, ద్రవాలు మార్చడం, బ్రేకులు, టైర్లు. నడుపుతూ ఒక్కో విభాగం బాగుచేసుకుంటూ పోవడం రెండోది. క్యాబిన్, తొట్టి లేపి చాసిస్ దాకా విప్పి కట్టడం మూడోది.

మూడోదే గొప్పదని అనుకుంటారు. విప్పడం రెండు వారాంతాల పని, కట్టడం ఏళ్ల పని. విప్పిన బండి ఇంకొకరికి అమ్మాలన్నా ఎవరూ కొనరు. చాసిస్ దెబ్బతింటే తప్ప క్యాబిన్ లేపకండి. దెబ్బతిందో లేదో ముందే తేల్చుకోవచ్చు. చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తడుతూ వెళ్లండి. ఆరోగ్యంగా ఉన్నచోట గణగణమంటుంది, లోపల తుప్పు పొరలు కట్టినచోట డబ్‌డబ్‌మంటుంది. వెనక కమాన్ కట్టల హ్యాంగర్ల దగ్గర, వెనక చివరి క్రాస్ మెంబరు (అడ్డ దూలం) దగ్గర, రెండు రేకులు ఒకదానిమీద ఒకటి వచ్చేచోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. దిగబడితే క్యాబిన్ లేపక తప్పదు.

వంకర చూడ్డానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. బండిని చదునైన గచ్చు మీద నిలిపి, చాసిస్‌కి రెండువైపులా ఒకే రంధ్రాల నుంచి తాపీమేస్త్రీ గుండు వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తులు పెట్టండి. బండి పక్కకి తీసి మూల నుంచి మూలకి రెండు వైపులా టేపుతో కొలవండి. రెండు కొలతల మధ్య తేడా ఐదారు మిల్లీమీటర్లు దాటితే ఏదో ఒకప్పుడు గుద్దుకున్న బండే.

చాలా బండ్లకి రెండో దారి సరిపోతుంది. వరుస మాత్రం తప్పొద్దు: బ్రేకులు, స్టీరింగు, చల్లబరిచే వ్యవస్థ, వైరింగు, ఆ తర్వాతే ఇంజిన్, చివరికి రేకు, రంగు. రంగు ముందు వేయిస్తే తర్వాత ప్రతి స్పానరూ దానిమీద గీత పెడుతుంది. పెట్టుకున్న డబ్బులో మూడో వంతు చివరిదాకా తియ్యకుండా ఉంచండి. రబ్బర్లు, గ్లాసులు, సీటు కవర్లు, బోల్టులు అన్నీ కలిసి ఆఖర్లో దాన్ని మింగేస్తాయి.

మొదటి దారి ఎవరికి? పదిమంది చేతులు పడని, కంపెనీ రంగు సగమైనా మిగిలిన బండికి. అలాంటిది దొరికితే మెరుపు కోసం గోకొద్దు. ఒకసారి గోకిన కంపెనీ రంగు మళ్లీ రాదు.

రేకు పని: షెడ్డులో వాదించాల్సిన చోటు

క్యాబిన్ గచ్చు తుప్పు పట్టిందనుకోండి. చాలా షెడ్లలో పాత రేకు మీదే కొత్త ముక్క పరిచి చుట్టూ వెల్డింగ్ పెట్టి పైన తారు పూసేస్తారు. గంటలో అయిపోతుంది. రెండు రేకుల మధ్య నీళ్లు చేరి రెండు వర్షాకాలాల్లో కొత్త ముక్క కూడా పోతుంది. చేయాల్సింది వేరు. తుప్పు అంతమైనచోటు నుంచి ఇంకో 20 మిల్లీమీటర్లు మంచి రేకులోకి వెళ్లి కోయాలి. అదే ఆకారంలో ముక్క చేసి అంచుకి అంచు ఆనేలా పెట్టాలి. క్యాబిన్ పైరేకుకి 20 గేజి (0.9 మిల్లీమీటరు), గచ్చుకి 18 గేజి (1.2) చాలు. "గట్టిగా ఉంటుంది" అని 16 గేజి వేస్తే వెల్డింగ్ వేడికి పక్కనున్న సన్న పాత రేకు కరిగి కన్నం పడుతుంది.

వెల్డింగ్‌లో గ్యాస్ మంట, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వదులుతూ కరెంటుతో తీగ కరిగించేది) రెండూ వాడతారు. విశాలమైన రేకు మీద గ్యాస్ వేడి పరుచుకుని అలలు లేస్తాయి, ఆ అలలు నింపడానికి కిలోల లప్పం పడుతుంది. 0.6 లేదా 0.8 తీగతో సీఓటూ మేలు. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క చెయ్యెడు దూరంలో, మళ్లీ మధ్యలో. చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే పక్క చుక్క. బ్యాటరీ, ఆల్టర్నేటర్ తీగలు ముందే తీసెయ్యండి.

ఇక్కడ జరిగే అతి పెద్ద తప్పు: డోరు కింద గడప రేకు, గచ్చు ఒకేసారి కోసెయ్యడం. ఆ రెండే క్యాబిన్‌ని నిటారుగా నిలబెడతాయి. కోసిన మరుక్షణం క్యాబిన్ కొన్ని మిల్లీమీటర్లు కుంగుతుంది. కొత్త రేకు వెల్డింగ్ చేసి డోరు బిగిస్తే మూసుకోదు. కోసే ముందు డోరు తీసేసి ఆ చట్రంలో అడ్డంగా, మూల నుంచి మూలకి ఇనుప గొట్టాలు చుక్క వెల్డింగ్ పెట్టాలి. అప్పుడు ఒకవైపు పూర్తి చేసి రెండోవైపుకి వెళ్లాలి. క్యాబిన్ లేపినట్టయితే ప్రతి మౌంటు కింద ఎన్ని వాషర్లు, ఎంత మందం ఉన్నాయో రాసుకోండి. డోరు సందులు సరిచేయడానికి కంపెనీ పెట్టినవి అవి.

ఇసుక బ్లాస్టింగ్ చాసిస్‌కి, యాక్సిల్ హౌసింగ్‌కి, చక్రాలకి. బానెట్‌కి, డోరుకి వద్దు, రేకు సాగి పొంగుతుంది. వాటికి పెయింట్ రిమూవర్, ఫ్లాప్ డిస్క్ చాలు. మామూలు ఏటి ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రాణాంతకం. గార్నెట్ లేదా కాపర్ స్లాగ్ అడగండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో బ్లాస్టింగ్ అయిన పూటే ప్రైమర్ పడాలి. పొద్దున చేసి రేపు పూస్తామంటే రాత్రికి రాత్రే ఎర్రగా తుప్పు పేరుకుంటుంది.

రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చవక, కానీ అది తేమని ఆపదు, పీలుస్తుంది. రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ ముందు వేసి, దానిమీద లప్పం, మళ్లీ ప్రైమర్, అప్పుడు రంగు. లప్పం రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఆ వెనక రేకు ఇంకా సరికాలేదని అర్థం, మేస్త్రీని మళ్లీ సుత్తి పట్టమనండి.

రంగు ఎంపిక కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఎనామెల్ పాత బండికి సహజమైన మెరుపునిస్తుంది, చవక, కానీ ఎండకి త్వరగా వెలుస్తుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగు) పల్చటి పూతలుగా వేసి రుద్దాలి, చిన్న గీత పడితే ఆ చోటే కలిపేయొచ్చు. పాత ఎనామెల్ మీద నేరుగా ఎన్‌సీ కొడితే మాత్రం దాని థిన్నర్ కింది పొరని లేపి ముడతలు తెస్తుంది. రెండు భాగాల పీయూ (పాలీయూరెథేన్) ఎక్కువకాలం నిలుస్తుంది, పెట్రోలు, డీజిలు చుక్కలకి చెక్కుచెదరదు. అయితే గాజులా కనిపించి 1980ల బండికి కొత్త ఫోన్ తళుకు వస్తుంది. దాని హార్డెనర్‌లోని ఐసోసైనేట్ ఊపిరికి ప్రమాదం, గుడ్డ కట్టుకుని కొట్టే పని కాదు. తిరిగే బండికి పీయూ, చాసిస్‌కి ఎపాక్సీ మీద పీయూ నలుపు, కాపాడుకునే బండికి ఎనామెల్.

ఇంజిన్: బాగుచేయాలా, మార్చాలా?

మార్చమనే సలహా సులువుగా వస్తుంది. దానికి ముందు కొలవండి. ఇంజిన్ వేడెక్కాక, నిండుగా చార్జైన బ్యాటరీతో, డీజిల్ గేజి పెట్టి కంప్రెషన్ చూడాలి. పెట్రోలు గేజి పగిలిపోతుంది. 483, ఎక్స్‌డీపీ లాంటి ఇండైరెక్ట్ డీజిల్‌లో (ముందు పక్కనున్న చిన్న గదిలోకి డీజిలు చిమ్మే రకం) 25 బార్ పైన ఉంటే ఆరోగ్యం. 20 కిందకి పడినా, సిలిండర్ల మధ్య మూడు నాలుగు బార్ల కంటే తేడా ఉన్నా తెరవాల్సిందే. అన్నీ బాగుండి నల్లపొగ వస్తుంటే నాజిళ్లు, పంపు టైమింగు, ఎయిర్ ఫిల్టరు చూడండి. పొద్దున స్టార్టులో తెల్లపొగ అయితే గ్లో ప్లగ్గులు. నీలిపొగ అయితే రింగులు లేదా వాల్వ్ గైడ్లు.

నాజిల్ షాపులో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఇండైరెక్ట్ ఇంజిన్ నాజిళ్లు 120, 130 బార్ చుట్టుపక్కల తెరుచుకుంటాయి. డైరెక్ట్ ఇంజెక్షన్‌వి 200 పైన. రోజూ 207 డీఐ, లారీ నాజిళ్లు సెట్ చేసే చేతులు అలవాటులో వీటినీ అక్కడికే బిగించేస్తాయి. అప్పుడు బండి కఠినంగా కొట్టుకుంటుంది, పొగ పెరుగుతుంది. ఏ ఇంజిన్‌వో డబ్బా మీద రాసి ఇవ్వండి.

ఎక్స్‌డీపీలో వెట్ లైనర్లు, అంటే బయట నేరుగా నీళ్లు తగిలే సిలిండరు గొట్టాలు. కొత్త లైనర్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొచ్చిందో డయల్ గేజితో చూసి, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకి కలిపాకే హెడ్డు దించాలి. బ్లాకులో లైనర్ కూర్చునే గట్టు మీద పాత పాచి, తుప్పు మిగిలితే లైనర్ వంకరగా కూర్చుంటుంది. నెల తిరగకముందే నీళ్లు ఆయిల్లో కలిసి డిప్‌స్టిక్ మీద మజ్జిగ కనిపిస్తుంది. అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ని తిట్టి లాభం లేదు.

మార్చక తప్పకపోతే అదే రకం ఇంజిన్ వెతకండి. వేరే రకమైతే 52వ సెక్షన్ ప్రకారం ముందే ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే ఎఫ్‌సీ దగ్గర ఒక బాధ, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర ఇంకో బాధ. పాత బ్లాకుని తుక్కుకి వెయ్యొద్దు. గ్రీజు పూసి, నంబరు కనిపించేలా ఒక పలక మీద నిలిపి ఉంచండి.

అసలుతనం ఆగిపోవాల్సిన చోటు

పాత జీపుల్లో బ్రేకు ద్రవాన్ని తోసేది ఒకే సర్క్యూట్ మాస్టర్ సిలిండర్. ఒక్క చక్రం దగ్గర కారితే నాలుగు బ్రేకులూ పోతాయి. ఇక్కడ అసలుతనం కోసం పట్టుబట్టడం తెలివి కాదు, రెండు సర్క్యూట్లది పెట్టుకోండి. బ్రాకెట్ మాత్రం విప్పితే పాతది మళ్లీ బిగించుకోగలిగేలా చేయించండి, చాసిస్‌కి కొత్త కన్నాలు పెట్టకుండా. మామూలు రాగి గొట్టం బ్రేకుకి వాడకండి, కంపనానికి గట్టిపడి పగులుతుంది. కుప్రో నికెల్ లేదా బ్రేకు కోసమే వచ్చే స్టీలు గొట్టం, చివర్లు డబుల్ ఫ్లేర్ (రెండు మడతలుగా విప్పారినవి). పెడలు వదిలినా ఒక చక్రం పట్టే ఉంటే ఆ చక్రం రబ్బరు హోసు లోపల వాచి మూసుకుపోయి ఉంటుంది. బయటికి మాత్రం కొత్తదానిలా కనిపిస్తుంది.

వైరింగులో అతుకులు మూడు నాలుగు దాటితే మొత్తం హార్నెస్ కొత్తది కట్టించడమే చవక. హెడ్‌లైట్లకి రిలేలు, ప్రతి సర్క్యూట్‌కి ఫ్యూజు. పాత స్విచ్చులు అలాగే ఉంచవచ్చు, రిలే పెట్టాక వాటి మీద భారం పడదు.

రికార్డు: నోటుబుక్కా, ఫోనా, వీడియోనా?

గ్రీజు చేతులతో స్ప్రెడ్‌షీటు నింపేవాళ్లు లేరు. షెడ్డులో ఒక గట్టి అట్ట నోటుబుక్కు, ఫోను. రాత్రి ఇంటికెళ్లాక మాత్రమే కంప్యూటరు. ఈ కలయికే నిలబడుతుంది. వీడియో రెండు చోట్ల ఫొటో కన్నా మేలు: విప్పకముందు ఇంజిన్ శబ్దం, పొగ పట్టుకోవడానికి, ఇంకా హ్యాండ్ బ్రేకు, డోరు తాళం లాంటి స్ప్రింగుల చిక్కు విప్పేటప్పుడు.

విప్పకముందు బండి చుట్టూ ఎనిమిది కోణాల్లో ఫొటోలు, తర్వాత ప్రతి భాగం విప్పే ముందు ఒకటి, విప్పాక పక్కన స్కేలు పెట్టి ఒకటి. జిప్ కవర్లో బోల్టులు, లోపల ఒక చీటీ, కవరు మీద మార్కరు. డీజిలు తగిలితే మార్కరు చెరిగిపోతుంది, అందుకే లోపలి చీటీ పెన్సిలుతో రాయాలి. నోటుబుక్కులో ఒక వరుస ఇలా ఉంటే చాలు: "ముందు ఎడమ వీల్ సిలిండర్. గుర్తు: లోపలి బోరు 1 అంగుళం, మీద పోత నంబరు ఉంది, ఫొటో 112. స్థితి: లోపల గుంటలు. కొత్తది వేశాం. పాతది 7వ డబ్బాలో." స్థితికి మూడే మాటలు వాడండి: అసలుది, అసలుదే బాగుచేసింది, మార్చింది. పదేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే ఈ మూడు మాటలే జవాబు.

పాత రంగు తెలుసుకోవడానికి సీటు వెనక, గ్లోవ్ బాక్సు లోపల, డోరు అట్ట కింద వెతకండి. తిరిగి రంగు వేసినవాళ్లు అక్కడిదాకా చెయ్యి పెట్టరు. ఒకచోట రూపాయి బిళ్లంత మేర 400, 800, 1500 నంబరు నీటి ఎమరీ కాగితంతో వరుసగా రుద్దితే రంగులు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా బయటపడతాయి. నీడలో, పక్కన తెల్లకాగితం పెట్టి ఫొటో తీయండి. ఆ బిళ్లంత చోటుని మళ్లీ రంగుతో కప్పకుండా వదిలేస్తే ఇంకా మంచిది.

ఇతరులతో పంచుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరం కూడా పోతుంది. డాక్యుమెంటుగా పంపండి. సీ బుక్కు ఫొటో పెడితే పాత యజమానుల పేర్లు, చిరునామాలు, చాసిస్ నంబరు చివరి అంకెలు కప్పేయండి. పూర్తి నంబరు బయట పడితే ఇంకో బండి మీద దాన్ని కొట్టుకునే అవకాశం ఇచ్చినట్టే.

దొరకని డోరు రబ్బరు కోసం నలుగురు కలిసి అచ్చు చేయించాలనుకుంటే ఫొటో చాలదు. పాత రబ్బరులో ఎండ తగలని, ఎక్కువ నలగని చోటు నుంచి ఐదు సెంటీమీటర్ల ముక్క బ్లేడుతో నిటారుగా కోసి, కోసిన ముఖం కిందికి పెట్టి, పక్కన స్టీలు స్కేలు ఉంచి 600 డీపీఐలో స్కాన్ చేయాలి. ఆ ముక్కని పారేయకుండా, ఏ డోరు, ఏ వైపు, ఎక్కడిది అని చీటీ కట్టి పాత భాగాల డబ్బాలో పెట్టండి. బండి అమ్మిన రోజున ఆ డబ్బా, నోటుబుక్కు, పలక మీది పాత బ్లాకు కూడా కొన్నవారి ఇంటికే వెళ్లాలి.